టెక్ సందేహాలు: వంశవృక్షానికి డబ్బు అక్కర్లేదు, వేలిముద్రలు అసలే వద్దు

ప్రశ్న: వంశవృక్షం యాప్‌లో ముత్తాతల నుంచి మనవల దాకా అందరినీ ఎక్కించాం. ఇప్పుడు ఇంకో పేరు చేర్చాలంటే ఏడాది చందా కట్టమంటోంది. కట్టకుండా మా వివరాలు బయటికి తెచ్చుకోవచ్చా?
– తణుకు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తెచ్చుకోవచ్చు. ఊళ్ళు వేరైనా ఇదే ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వస్తోంది కాబట్టి వివరంగా చెబుతున్నాను.

యాప్ సెట్టింగుల్లో 'ఎక్స్‌పోర్ట్' కోసం వెతకండి. ఫోన్‌లో కనిపించకపోతే అదే ఖాతాతో కంప్యూటర్ బ్రౌజర్‌లో లాగిన్ అయి చూడండి. మీకు కావలసింది జెడ్‌కామ్ ఫైలు, పేరు చివర 'డాట్ జీఈడీ' అని ఉంటుంది. వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లు ఒకదాని వివరాలు మరొకటి చదువుకునేది ఈ ఫైలుతోనే. అసలు ఎక్స్‌పోర్టే లేని యాప్‌లో ఒక్క పేరు కూడా ఎక్కించకూడదు. మీ ఇంటి సమాచారం తీసుకుని తిరిగి ఇవ్వడానికి దారి పెట్టకపోవడం మరచిపోవడం కాదు, కావాలని చేసిన పని.

ఫైలు దిగాక ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పైన పది పదిహేను వరుసల్లోపే 'చార్' (CHAR) అనే మాట ఉంటుంది, అక్షరాలు ఏ పద్ధతిలో దాచారో చెప్పేది అదే. దాని పక్కన యూటీఎఫ్-8 అని ఉంటే సరే. ఆన్సెల్ అనో ఆన్సీ అనో ఉంటే తెలుగులో రాసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయి ఉంటాయి. వాటిని తర్వాత బాగుచేయలేం, యూటీఎఫ్-8 ఎంచుకుని మళ్ళీ దించుకోవాల్సిందే. ఫోటోలు జెడ్‌కామ్‌లో రావు, వాటిని విడిగా దించుకోండి.

ఆ ఫైల్‌ని గ్రాంప్స్ అనే వంశవృక్షాల సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేయండి. ఇది పూర్తిగా ఉచితం, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది, వివరాలన్నీ మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. నెలకోసారి 'గ్రాంప్స్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్యాకేజీ'గా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఫోటోలతో సహా భద్రం.

మన కుటుంబాల విషయంలో రెండు చోట్ల లెక్క తప్పుతుంది. ఆడవాళ్ళని పుట్టింటి ఇంటిపేరుతోనే ఎక్కించండి, అత్తింటి ఇంటిపేరు 'మరో పేరు'గా చేర్చండి. లేకపోతే రెండు తరాలు వెనక్కి వెళ్ళేసరికి మామ్మ పుట్టిల్లు ఏదో దొరకదు. రెండోది మేనరికం. మేనమామనో మేనబావనో చేసుకున్న అమ్మాయికి భర్తను చేర్చేటప్పుడు కొత్త మనిషిని సృష్టించకుండా, ఇప్పటికే జాబితాలో ఉన్న మనిషినే ఎంచుకుని కలపండి. చాలా ఫోన్ యాప్‌లు ఇక్కడే తడబడి ఒకే మనిషిని రెండుసార్లు చూపిస్తాయి. మేనరికాలు లేని ఇళ్ళను మాత్రమే దృష్టిలో పెట్టుకుని చేసిన డిజైన్ అది.

ప్రశ్న: మా నాయనమ్మ శ్రీముఖ నామ సంవత్సరం మాఘమాసంలో పుట్టిందట. యాప్ తేదీ ఇస్తే తప్ప ముందుకు కదలడం లేదు. ఏం వేయాలి?
– ఖమ్మం

జవాబు: ఊరికే 01-01 అని మాత్రం కొట్టకండి. అలా కొట్టిన తేదీ నాలుగేళ్ళకి 'రికార్డు' అయి కూర్చుంటుంది, నిజమైనది ఎవరికీ గుర్తుండదు.

అరవై తెలుగు సంవత్సరాల్లో మొదటిదైన ప్రభవ 1927-28లో వచ్చింది, మళ్ళీ 1987-88లో. శ్రీముఖ ఏడోది కాబట్టి 1933-34. సంవత్సరం ఉగాదికి మారుతుంది, మాఘం దాని చివర్లో వస్తుంది. అంటే మీ నాయనమ్మ పుట్టింది 1933లో కాదు, 1934 జనవరి–ఫిబ్రవరి మధ్యలో. చాలామంది తప్పేది ఇక్కడే: పుష్యం చివర్నుంచి ఫాల్గుణం దాకా ఏ నెల చెప్పినా ఇంగ్లీషు సంవత్సరం ఒకటి ముందుకు వెళ్తుంది. గ్రాంప్స్‌లో తేదీ గడిలో రెండు తేదీల మధ్య అని వేసుకునే వీలుంది. పెద్దవాళ్ళు చెప్పిన మాట ఉన్నదున్నట్టుగా నోట్‌లో రాసి, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కూడా రాయండి. హిబ్రూ, పర్షియన్ క్యాలెండర్లు ఉన్న ఆ సాఫ్ట్‌వేర్‌లోనే మన అరవై సంవత్సరాలకు చోటు లేదు.

పాత పహాణీల్లో, అడంగళ్ళలో ఫసలీ, అంటే పాత రెవెన్యూ లెక్క సంవత్సరం, కనిపిస్తే 590 కలపండి. ఫసలీ 1357 అంటే 1947-48. మద్రాసు రాష్ట్రంలో ఫసలీ జులై 1న మొదలయ్యేది, నిజాం రాజ్యంలో అక్టోబరులో.

ప్రశ్న: తాతగారి అన్నదమ్ముల పేర్లు తెలుసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఏం దొరుకుతాయి? ఓటరు జాబితా పీడీఎఫ్‌లో పేరు వెతికితే 'లేదు' అంటోంది, కళ్ళతో చూస్తే ఉంది.
– విజయనగరం

జవాబు: పొలం సర్వే నంబరు తెలిస్తే ముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, చూడండి. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్నాయి, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. క్రయం కన్నా పారీఖత్తు దొరికితే అదృష్టం. భాగాలు పంచుకున్న అన్నదమ్ములందరూ, తండ్రి పేరుతో సహా, అందులో వరసగా ఉంటారు. సెటిల్‌మెంటు దస్తావేజులో ఎవరు ఎవరికి ఏమవుతారో రాసే ఉంటుంది. పాత భూమి రికార్డుల కోసం తెలంగాణలో అయితే 1954-55 ఖాస్రా పహాణీ, ఆంధ్రలో ఆర్ఎస్సార్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) అడగండి. 2002 నాటి ఓటరు జాబితాలు ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో ఉన్నాయి. తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు మూడూ ఒకేచోట దొరుకుతాయి.

ఇక పీడీఎఫ్ సంగతి. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌లలో కంటికి తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. కాపీ చేసి పేస్ట్ చేస్తే తెలిసిపోతుంది. పనికొచ్చే ఉపాయం ఒకటుంది: కావలసిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మని గూగుల్ డ్రైవ్‌లో వేసి, కుడి క్లిక్‌తో గూగుల్ డాక్స్‌లో తెరవండి. బొమ్మ కింద తెలుగు అక్షరాలు వస్తాయి. పీడీఎఫ్‌ని నేరుగా ఇస్తే ఆ లోపలి గుర్తులే వచ్చే అవకాశం ఉంది, అందుకే బొమ్మగా మార్చమంటున్నాను. ఒత్తులు కొన్ని తప్పుతాయి కాబట్టి పేరు మొత్తం కాకుండా మొదటి రెండు మూడు అక్షరాలతోనే వెతకండి. జనం సొమ్ముతో తయారైన జాబితాలో జనం తమ పేరు తాము వెతుక్కోలేకపోవడం దారుణం. ఈ రోజుల్లో కూడా యూనికోడ్ కాని ఫాంటుతో కొత్త పత్రాలు తయారుచేసేవాళ్ళకి ఏ సాకూ లేదు.

ఇంతకన్నా నన్ను కలవరపెడుతున్నది మరొకటి. దస్తావేజు దొరగ్గానే దాని ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో, అక్కణ్ణుంచి ఫేస్‌బుక్‌లో పెట్టేస్తున్నారు. ఇటీవలి దస్తావేజుల్లో ఏముంటాయో ఒక్కసారి చూడండి: రెండు పక్షాల ఫోటోలు, వేలిముద్రలు, చాలావాటిలో ఆధార్ నంబరు, తండ్రి పేరు, చిరునామా. ఆధార్‌తో నడిచే బ్యాంకు లావాదేవీకి, అదే ఏఈపీఎస్‌కి, కావలసింది ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఓటీపీ అడగదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ఆన్‌లైన్‌లో దొరికిన భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, వాటి నకళ్ళు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు అరెస్టు చేశారు. తర్వాత అదే పద్ధతిలో ఖాతాల్లోంచి డబ్బు లాగిన కేసులు కూడా రెండు రాష్ట్రాల్లో నమోదయ్యాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం.

కాబట్టి, పంచుకునే ముందు వేలిముద్రలు, ఆధార్, సంతకాలు, చిరునామా నల్లటి గడితో పూర్తిగా మూసేయండి. ఫోన్ ఎడిటర్‌లోని మార్కర్ పెన్ను వాడకండి. అది పారదర్శకంగా ఉంటుంది, వెలుగు పెంచితే కింద ఉన్నది కనబడుతుంది. పీడీఎఫ్ మీద గీసిన గడిని ఎవరైనా జరిపేయగలరు, అందుకే మూసిన తర్వాత స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మనే పంపండి. 2010లో ఆధార్ రాకముందే కాలం చేసినవాళ్ళ వేలిముద్రతో ఈ ప్రమాదం లేదు. ఆ తర్వాత పోయినవాళ్ళవైతే మూసేయండి, ఖాతా ఇంకా తెరిచే ఉండవచ్చు.

ఇప్పటికే పెట్టేసిన దస్తావేజులుంటే, అందులో ఉన్నవాళ్ళందరి చేతా ఆధార్ అధికారిక యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో బయోమెట్రిక్ లాక్ చేయించండి. రుసుము లేదు, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు చాలు. ఒక్క జాగ్రత్త: లాక్ చేశాక రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర వేలిముద్ర పడదు. పెద్దవాళ్ళు అక్కడికి వెళ్ళే ముందు తాత్కాలికంగా అన్‌లాక్ చేసిపెట్టండి, లేకపోతే మిషన్ పాడైందని తిప్పి పంపేస్తారు.

ఇదే పట్టింపు వంశవృక్షానికీ ఉండాలి. ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వంశవృక్షాల వెబ్‌సైట్‌లో మరణించినవాళ్ళ వివరాలు ప్రపంచమంతా చూడొచ్చు, మార్చొచ్చు కూడా. బతికున్నవాళ్ళవి మాత్రం గోప్యంగా ఉంటాయి. పొరపాటున బతికున్న అత్తయ్యకి 'మరణించారు' అని టిక్ పెడితే ఆవిడ పుట్టిన తేదీ, తల్లి పేరు, ఊరు అందరికీ తెరుచుకున్నట్టే. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసేవాడికి నమ్మకం పుట్టించడానికి ఆ మూడూ చాలు.

ప్రశ్న: డబ్బు పెట్టి డీఎన్‌ఏ కిట్ కొంటే పూర్వీకులు తెలుస్తారా?
– హైదరాబాద్

జవాబు: కొనకండి. తరతరాలుగా మేనరికాలు ఉన్న ఇళ్ళలో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిగా లెక్క తేలుతుంది. పైగా 2023లో ఒక పెద్ద కంపెనీలో ఇతర సైట్లలో వాడిన పాస్‌వర్డ్‌లనే మళ్ళీ వాడిన సుమారు 14,000 ఖాతాలు దొంగల చేతికి చిక్కితే, వాటికి చుట్టరికంతో ముడిపడిన దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. మీరు ఉమ్మి పంపితే మీ తమ్ముడి సంగతి కూడా పంపినట్టే, అతన్ని ఎవరూ అడగలేదు.

ప్రశ్న: చిరిగిన పెళ్ళి ఫోటోని ఏఐ యాప్‌తో బాగుచేశాం. తాతయ్య ముఖం ఏదో తేడాగా ఉందంటున్నారు.
– గుంటూరు

జవాబు: పెద్దవాళ్ళు చెబుతున్నది నిజం. మసకబారిన చోట ఆ యాప్‌లు ముఖాన్ని ఊహించి కొత్తగా గీస్తాయి. అది మీ తాతయ్య ముక్కు కాదు. అసలు ఫోటోని ఫ్రేములోంచి తీసి, కిటికీ పక్కన నీడలో బల్ల మీద పెట్టండి. ఫోన్‌లో ఫ్లాష్, బ్యూటీ రెండూ ఆపేసి, కాస్త వెనక్కి జరిగి రెండింతల జూమ్‌తో నిటారుగా పైనుంచి తీయండి. దగ్గర్నుంచి తీస్తే అంచులు వంగుతాయి. బంధువులకి వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా 'డాక్యుమెంట్'గా పంపండి, కుదించకుండా వెళ్తుంది. ఫోటోలో ఉన్నవాళ్ళ పేర్లు ఎడమ నుంచి కుడికి ఫైలు పేరులోనే రాయండి, వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో కూడా రాయండి. బాల్‌పెన్ను వద్దు, గీత ముందువైపు తేలుతుంది.