లెన్సు అద్దెకు తీసుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు లఘుచిత్రం తీయబోతున్నావని, కథంతా ఒక చిన్న గదిలో తల్లీకూతుళ్ల మధ్యే నడుస్తుందని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో, చేతిలో ఉన్న డబ్బులో సగం ఎఫ్ 1.4 ఉన్న 50 ఎంఎం లెన్సు అద్దెకే పోతుందని విన్నప్పుడు అంత దిగులు వేసింది. ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్సు రంధ్రం పెద్దదై వెలుగు ఎక్కువ వస్తుంది, స్పష్టంగా కనిపించే లోతు మాత్రం తగ్గుతుంది. ఎంఎం అంకె పెరిగేకొద్దీ లెన్సు చూపే మేర ఇరుకవుతుంది.

  

నీ కెమెరాలో ఉన్నది ఏపీఎస్‌-సీ సెన్సర్. అంటే బొమ్మ పడే ఆ పలక, పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలోని దానికన్నా చిన్నది. దాని మీద 50 ఎంఎం లెన్సు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సుమారు 75 ఎంఎం చూపినంత మేరే చూపిస్తుంది కనుక, నువ్వు గోడకు వీపు ఆనించి నిలబడి తీసినా తల్లీకూతుళ్లిద్దరూ ఒకే ఫ్రేములో ఇమడరు. కెమెరాతో వచ్చిన 18-55 జూమ్‌తోనే ఆ గదిలో 24, 35, 50 దగ్గర పెట్టి చూడు. నీకు కావలసింది 24 లేదా 35 అని గదే చెబుతుంది.

ఇక అసలు సంగతి. నా మొదటి చిత్రంలో ఒక తల్లి కొడుకు రాసిన ఉత్తరం చదివి తలెత్తాలి. వెనుక గోడంతా మసకబారితే అందంగా ఉంటుందన్న మోజుతో, మీటరు దూరం నుంచి, ఎఫ్ 1.4 దగ్గరే తీశాను. నీలాంటి కెమెరాలో 50 ఎంఎం లెన్సుతో అంత దగ్గరలో స్పష్టంగా కనిపించే లోతు సుమారు రెండు సెంటీమీటర్లే. ఫోకస్ చూడటానికి వేరే మనిషిని పెట్టుకోలేదు. ఆమె చదువుతూ చదువుతూ, ఎవరూ చెప్పకుండానే కొద్దిగా ముందుకు వంగింది. కంట నీరు తిరిగింది. కెమెరా చిన్న తెర మీద అంతా చక్కగానే కనిపించింది. పెద్ద తెర మీద చూస్తే చెవి కమ్మలోని రాయి మెరుస్తోంది, కణత దగ్గరి నెరిసిన వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు, కన్ను మాత్రం మసక. మరో రోజు మళ్లీ తీశాను. అడిగినవన్నీ చేసింది ఆ పెద్దావిడ. అడగకుండా వచ్చినది మాత్రం మళ్లీ రాలేదు. చిత్రం చూశాక ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు, భుజం తట్టి వెళ్లిపోయింది.

అందుకే పోరు పెడుతున్నాను తల్లీ. ముఖాలు తీసేటప్పుడు ఎఫ్ 4 దగ్గర ఉండు. అదే దూరంలో ఆరు సెంటీమీటర్లకు పైగా లోతు దొరుకుతుంది. 1.4తో పోలిస్తే వెలుగు ఎనిమిదో వంతే లోపలికి వస్తుంది, కాబట్టి లెన్సుకు పెట్టదలచిన డబ్బు లైట్లకు పెట్టు. నటులు నిలబడే చోట నేల మీద టేపు అంటించు. ప్రతి టేకు తరువాత కన్ను దగ్గర జూమ్ చేసి చూడందే తరువాతి షాటుకు కదలవద్దు, ఎంత ఆలస్యమైనా సరే. ఫోకస్ చూడటానికి ఒక స్నేహితురాలిని రిహార్సల్ రోజునుంచే కూర్చోబెట్టుకో.

నా దగ్గర పాత 35 ఎంఎం మాన్యువల్ లెన్సు ఒకటి ఉంది. ఫోకస్ రింగు కాస్త బిగువుగా తిరుగుతుంది కానీ, అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. నీ కెమెరాకు లెన్సు బిగించే మౌంట్ ఏ రకమో రాస్తే, దానికి సరిపడే అడాప్టర్‌తో సహా పంపిస్తాను.

నీ మామయ్య