ఫైబర్ బోటు ఎనిమిది నెలలకే పొరలు విడిచింది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఉప్పాడ. నిరుడు ఆగస్టులో ఒక యార్డులో 30 అడుగుల ఫైబర్ బోటు కట్టించుకున్నాను. ఇంజను కాకుండా 6 లక్షల 40 వేలు. 4 లక్షలు బ్యాంకు ద్వారా, మిగతాది ఒకేసారి నగదుగా ఇచ్చాను. నేను, తమ్ముడు, బావమరిది, ఇద్దరు కళాసీలు వేటకు వెళతాం. ఏప్రిల్‌లో ఒడ్డుకు లాగి చూస్తే అడుగంతా బొబ్బలు. ఇంజను బిగించే చోట పగులు. యార్డు ఆయన్ను అడిగితే, ‘అలల్లో తోసి పాడు చేసుకున్నారు, సముద్రానికి ఎవడైనా గ్యారంటీ ఇస్తాడా’ అంటున్నాడు. 30 వేలు ఇస్తే రిపేరు చేస్తాడట. తుఫాను దెబ్బ అని చెప్పి ఇన్సూరెన్సు తీసుకోమని మావాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఒక పని ఆపండి. రిపేరు చేయించకండి. బొబ్బలు గీకి, పైన రెండు పొరలు మ్యాట్ (గాజు పీచు పరుపు) వేసి రంగు కొట్టేస్తే మీ సాక్ష్యం ఆ రంగు కిందే పోతుంది. ఇలాంటి కేసుల్లో నోటి సాక్షి కన్నా బోటు అడుగు నుంచి కోసిన అరచేయంత ముక్క ఎక్కువ మాట్లాడుతుంది.

ఎందుకంటే ఫైబర్ బోటు బలమంతా పొరల్లోనే ఉంది. మోల్డులో జెల్‌కోట్ (బయటి నున్నటి పూత) వేసి, దాని మీద మ్యాట్, రోవింగ్ (నేసిన గాజు పీచు) ఒక్కో పొర పరిచి, రెజిన్ (జిగురు) పట్టించి, రోలరుతో గాలి బుడగలు బయటికి తోయాలి. రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ పాళ్లు తప్పినా, తేమ పట్టిన మ్యాట్ వాడినా, కింది పొర మీద దుమ్ము ఉండగానే పై పొర వేసినా బయటికి ఏమీ కనిపించదు. నీళ్లలో కొన్ని నెలలు నానాక బొబ్బలు లేస్తాయి. మీరే ఒక రూపాయి బిళ్లతో అడుగంతా తట్టి చూడండి. పొరలు అతుక్కున్న చోట గట్టిగా టంగుమంటుంది, విడిచిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల మోగిన చోటల్లా సుద్దతో గీసి, తేదీ కనిపించేలా వీడియో తీయండి.

సముద్రానికి గ్యారంటీ ఎవరూ ఇవ్వరు, నిజమే. మీరు అడుగుతున్నది బోటుకు. ఉప్పాడ కెరటాల్లో తోసే బోటు అని తెలిసే ఆయన కట్టాడు. ఏ పనికి కావాలో అమ్మేవాడికి చెప్పి, అతని పనితనాన్ని నమ్మి కొన్నప్పుడు, వస్తువు ఆ పనికి తగి ఉండాలన్న షరతు కాగితం మీద లేకపోయినా ఉన్నట్టే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 చెప్పేది ఇదే. ఆయన తప్పించుకోవాలంటే మీరు బోటును రాతికి కొట్టారనో, మోతాదు మించిన ఇంజను పెట్టారనో చూపాలి. ఇంజను ఎన్ని హార్స్‌పవర్ అని మీ కొటేషన్‌లో ఉందా? అది వెతకండి. ఎన్ని పొరలు, ఏ రెజిన్ అని రాసి ఉంటే ఇంకా మంచిది. ముక్కను ల్యాబులో కాలిస్తే రెజిన్ మండిపోయి గాజు పీచు మిగులుతుంది. దాన్ని తూస్తే మీరు డబ్బు కట్టిన మ్యాట్ అంతా పడిందో లేదో బయటపడుతుంది.

ఇక ఎక్కడికి వెళ్లాలి? కాకినాడ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. యార్డు ఏ ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు, ఫిర్యాదుదారు ఉండే చోటే వేయొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి జిల్లా స్థాయి చాలు. మీ మొత్తానికి ఫీజు 200 రూపాయలే.

అసలు చిక్కు ఇక్కడుంది. ‘బోటు వ్యాపారానికి కొన్నది, ఈయన వినియోగదారుడే కాదు’ అని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అంటాడు. సొంతంగా పని చేసుకుని బతకడానికి మాత్రమే కొన్నది వ్యాపారం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. ఆటో కొని తానే నడుపుకునేవాడు, ఒకరిద్దరు సాయం ఉన్నా, వినియోగదారుడేనని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ బోటులో మీరు కాక నలుగురు. ఈ లెక్క మీద వాదన తప్పదు, ముందే చెబుతున్నాను. అందుకే ఫిర్యాదులోనే ఉన్నదున్నట్టు రాయండి: మీరే బోటు నడుపుతారు, ఇంకో బోటు లేదు, ఇద్దరు ఇంటివాళ్లే, కళాసీలది వాటా అయితే వాటా అని. మీకు మూడు బోట్లుండి మీరు ఒడ్డునే కూర్చునేవారైతే సివిల్ దావా వేయమనేవాణ్ని.

గడువు రెండేళ్లు. లోపం కనబడిన ఏప్రిల్ నుంచి లెక్క అని మనం అంటాం, బోటు ఇచ్చిన ఆగస్టు నుంచి అని వాళ్లు అంటారు. ఆ తగాదా మనకెందుకు, వచ్చే ఏడాది ఆగస్టులోపే వేసేయండి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే కమిషనే ముక్క తీయించి, సీలు వేసి ల్యాబుకు పంపుతుంది. అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద ఫిర్యాదుతో పాటే ఆ పిటిషన్ పెట్టండి. ల్యాబు ఖర్చు ముందు మీరే కట్టాలి. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలో పరిశోధన కేంద్రం ఉంది, అలాంటి చోటి నిపుణుడితో బోటు చూపించమనీ కోరవచ్చు.

నగదు 2 లక్షల 40 వేలకు రసీదు లేదని భయపడకండి. బ్యాంకులో తీసిన తేదీలు, అప్పు తెచ్చి ఉంటే ఆ నోటు, పక్కనున్నవాళ్లు పనికొస్తారు. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదన్న ఆదాయపు పన్ను నిబంధనలో జరిమానా పడేది తీసుకున్నవాడికే. వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజీలుంటే ఫోన్ మార్చకండి. వాటిని దాఖలు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

నష్టం లెక్కలో అత్యాశ వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఎలాగూ వేట నిషేధం. ఆ రోజులకు కూడా చేపల డబ్బు అడిగితే మీ మిగతా లెక్కనూ ఎవరూ నమ్మరు. జూన్ 15 నుంచి బోటు దిగని రోజులు వేయండి. నిరుటి చేపల పాట చిట్టాలు, షావుకారు పద్దు, ఆయిల్ బిల్లులు జతచేయండి.

ఇన్సూరెన్సు మాట మరచిపోండి. తుఫాను అని మీరు సంతకం చేసిన కాగితం రేపు యార్డు ఆయన చేతిలో పడితే, ఆయన చెప్పే ‘అల కొట్టింది’ కథకు సాక్షి మీరే అవుతారు. పైగా అబద్ధపు క్లెయిమ్ మోసం కింద కేసవుతుంది.

ముందు లాయరు నోటీసు ఇవ్వండి, 15 రోజులు గడువు పెట్టండి. చట్టం తప్పనిసరి చేయలేదు గానీ, దానికి ఆయన ఇచ్చే జవాబు తర్వాత మనకు ఆయుధమవుతుంది. ఒకవేళ దిగివచ్చి ఉచితంగా చేస్తానంటే, ఏ పొరలు తీసి మళ్లీ వేస్తాడో, ఎన్నేళ్ల పూచీయో స్టాంపు పేపరు మీద రాయించుకోండి. బోటు యార్డుకు కదిలే ముందు ఇద్దరు సాక్షుల ఎదుట ఒక ముక్క కోయించి, అందరూ సంతకాలు చేసిన సంచిలో మీ దగ్గరే ఉంచుకోండి.