నాగా మేయరు జెస్సీ రొబ్రెడో, మా నానాయ్ దాచుకున్న పుస్తకం

‘ఫిలిప్పీన్స్‌లో ఉండి వచ్చినవాళ్ళు చెప్పండి, అక్కడి రాజకీయ నాయకుల్లో మెచ్చుకోదగ్గవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక అంతా మన దగ్గర లాగేనా?’ అని ఇక్కడ ఒకరు అడిగారు.

ఉన్నారు. జెస్సీ రొబ్రెడో. మనీలాలో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి వచ్చే నాగా అనే ఊరికి మేయరుగా చేశారు. కమరీనెస్ సుర్ అనే ప్రావిన్సులో ఉంటుంది ఆ ఊరు. మనవాళ్ళకు ఆ దేశం అనగానే మార్కోస్, డుటెర్టే అనే అధ్యక్షులు, ఎంబీబీఎస్ ఫీజు ఎంత, హాస్టల్లో మన భోజనం దొరుకుతుందా, ఇవే. అన్నేళ్ళు అక్కడ చదివి వచ్చినవాళ్ళు కూడా ఈ పేరు వినలేదంటే నాకు నిజంగా బాధేస్తుంది.

నేను 2010 నుంచి 2013 వరకు ఫిలిప్పీన్స్‌లోని లాస్ బన్యోస్ అనే ఊళ్ళో ఉన్నాను, వరి మీద పీహెచ్‌డీ పనికి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అక్కడే ఉంది కాబట్టి మన బాపట్ల, రాజేంద్రనగర్ వాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మది నాగా. కూతురి దగ్గర ఉందామని లాస్ బన్యోస్‌కు వచ్చేసింది. అందరిలాగే నేనూ నానాయ్ అని పిలిచేవాణ్ణి, అంటే అమ్మ అని. మిగతా ఫిలిప్పీన్స్ వంటలు నాకు చప్పగా ఉండేవి గానీ వాళ్ళ బికోల్ ప్రాంతంవాళ్ళు మాత్రం కారం బాగా తింటారు. చేమాకు కొబ్బరిపాలల్లో ఉడికించి మిరపకాయలు దట్టించి ‘లాయింగ్’ అని చేస్తారు. గుంటూరు జిల్లావాడికి అంతకంటే ఏం కావాలి? ఆ ఇంట్లో నాకు స్థిరపడిపోవాలనిపించింది ఆ కూరతోనే.

2012 ఆగస్టు 18, శనివారం. రొబ్రెడో అప్పటికి మేయరు కాదు, దేశానికి స్థానిక పాలన శాఖ మంత్రి. సెబూ నుంచి నాగాకు, ఇంటికి, చిన్న విమానంలో బయల్దేరారు. ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చి దారిలో ఉన్న మాస్బాటే దీవిలో దించబోతే ఒడ్డుకు దగ్గర్లోనే సముద్రంలో పడిపోయింది. ఆయన సహాయకుడు బతికాడు. రొబ్రెడో, ఇద్దరు పైలట్లు దొరకలేదు. నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి నానాయ్ టీవీ ముందు కింద కూర్చుని ఉంది. పక్కన ‘ఇనా’ పటం, ముందు కొవ్వొత్తి. ఇనా అంటే నాగాలో వెలసిన పెన్యాఫ్రాన్సియా మాత, ఆ ప్రాంతంవాళ్ళకు ఇంటి దేవత లాంటిది.

మూడు రోజులు అలాగే గడిచాయి. కుక్కర్లో అన్నం వండిపెట్టేది, తాను మాత్రం ముట్టేది కాదు. కొవ్వొత్తి అయిపోతే ఇంకోటి వెలిగించేది. టీవీలో ఆయన పాత ఫొటోలు తిప్పి తిప్పి చూపించారు. తుపాను వెళ్ళిన మర్నాడు నిక్కరు, హవాయి చెప్పులు వేసుకుని పార పట్టుకుని వీధిలో బురద ఎత్తుతున్న మేయరు. ఆ చెప్పులతోనే ఆయన పేరు దేశమంతా పాకింది. ‘చినేలాస్’ నాయకుడు, అంటే చెప్పుల నాయకుడు అనేవారు.

రెండో రోజు సాయంత్రం నానాయ్‌కి కోపం వచ్చింది. ‘పొద్దస్తమానం చెప్పులు చెప్పులు అంటారు, దీని మాట ఒక్కరూ ఎత్తరేం?’ అంటూ లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నాగా నగరపాలక సంస్థ జనానికి పంచిన సిటిజన్స్ చార్టర్. అంచులు నూనె మరకలు పట్టి ఉన్నాయి. ఒక్కో పనికి ఒక్కో పేజీ. జనన ధృవీకరణ పత్రం కావాలా, కొట్టుకు లైసెన్సు కావాలా, ఏ కాగితాలు తేవాలి, ముందు ఎవరి దగ్గరికి, తర్వాత ఎవరి దగ్గరికి, ఎంత సేపు పడుతుంది, ఆ పనికి జవాబుదారీ ఎవరు, అన్నీ అందులోనే. నానాయ్‌కి నాగాలో చిన్న తినుబండారాల కొట్టు ఉండేదట. లైసెన్సు పేజీలో టైము అంకెల పక్కన పెన్సిలుతో ఇంకో అంకె రాసి ఉంది. ఆఫీసు గోడ గడియారం చూసి తానే రాసుకుందట. రాసిన టైములోపే పని అయిపోయింది.

‘మేయరు తెలుసా, కౌన్సిలరు తెలుసా అని ఎవరూ అడగలేదు అనాక్, నా చేతిలో పుస్తకం ఉంది’ అంది. అనాక్ అంటే బిడ్డా అని.

నాకు చప్పున మా ఊరు గుర్తొచ్చింది. నాన్న పోయాక వారసత్వ సర్టిఫికెట్ కోసం అమ్మను వెంటబెట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ తిరిగాను. అక్కడా సిటిజన్ చార్టర్ బోర్డు ఉంది, ఇనప బీరువా వెనక, సగం కనపడేలా. ఏ కాగితం తక్కువో ఒకేసారి చెప్పేవాళ్ళు కాదు, వెళ్ళిన ప్రతిసారీ కొత్తది ఒకటి. ఆఖరికి ఎవరో తెలిసినాయనతో ఫోన్ చేయిస్తే అరగంటలో అయిపోయింది. ఆ అరగంటే నన్ను ఎక్కువ కాల్చింది.

రొబ్రెడో చదివింది ఇంజినీరింగ్. శాన్ మిగుయెల్ కంపెనీలో ఉద్యోగం. 1986లో నియంత మార్కోస్ గద్దె దిగిపోయాక ఉద్యోగం మానేసి సొంతూరు వచ్చి, 1988లో 29 ఏళ్ళకే మేయరయ్యారు. అప్పటికి ఊరి ఆదాయం పడిపోయి నాగాను మొదటి తరగతి నగరం నుంచి మూడో తరగతికి దించేశారు. జూదం నడిపించేవాళ్ళదే రాజ్యం. ఆయన జూదాన్ని తరిమారు, ఉద్యోగాలు సిఫారసు మీద కాకుండా ప్రతిభ చూసి ఇచ్చారు, బస్టాండును ఊరి అంచుకు మార్చి నడిబొడ్డున ట్రాఫిక్ తగ్గించారు, ఆక్రమిత స్థలాల్లో గుడిసెలు వేసుకున్నవాళ్ళకు జాగాలు దొరికేలా పథకం పెట్టారు. 2000లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది, మన శాంతా సిన్హా గారికి 2003లో వచ్చినదే.

మొదటి ఎన్నికలో రొబ్రెడోకు బంధువైన గవర్నరు అండగా నిలబడ్డారు. తర్వాత ఇద్దరికీ చెడింది. తాత చైనా నుంచి వచ్చాడు కాబట్టి మనవడు ఫిలిప్పీన్స్ పౌరుడే కాదని ప్రత్యర్థులు ఏళ్ళ తరబడి కేసులు నడిపారు. అయినా జనం గెలిపిస్తూనే వచ్చారు. అక్కడ వరసగా మూడు దఫాలకు మించి మేయరుగా ఉండకూడదు, అందుకే 1998లో దిగి, హార్వర్డ్‌లో చదువుకుని, 2001లో మళ్ళీ వచ్చి 2010 దాకా చేశారు. మన దగ్గర కూడా అలాంటి హద్దు పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. కుర్చీ వదిలి మూడేళ్ళు మామూలు మనిషిగా తిరిగినవాడికే ఆఫీసు క్యూ ఎంత పొడవో తెలుస్తుంది.

నాగా చూసే అనను గానీ, ఇలా పనికి టైము రాసిపెట్టాలని 2007లో అక్కడ దేశమంతటికీ చట్టం వచ్చింది. మంత్రి అయ్యాక ఆయన ప్రతి ఊరూ తన బడ్జెట్‌ను అందరికీ కనపడేలా పెట్టాలన్నారు. ఇంత చేసినా ఆయన మంత్రి పదవిని చట్టసభ కమిటీ చివరిదాకా ఖరారు చేయలేదు. వాయిదాలు వేస్తూ వేస్తూ ఉండగానే మనిషి పోయారు. దాన్ని నేను క్షమించలేను.

మంగళవారం గజ ఈతగాళ్ళకు ఆయన శరీరం దొరికింది. నానాయ్ కొవ్వొత్తి ఆర్పేసి, ఆ రాత్రి కొంచెం అన్నం తింది. వారం తర్వాత నాగాలో అంత్యక్రియలకు రాత్రి బస్సులో ఒక్కతే వెళ్ళింది. ఏసీ బస్సుల్లో చలికి వణుకుతుందని నా స్వెటర్ ఇచ్చి పంపాను. వచ్చేటప్పుడు నాకు వాళ్ళ వైపు దొరికే పిలి అనే గింజలు తెచ్చింది.

ఆయన భార్య లెనీ గురించి మీరు విని ఉండొచ్చు. పేదల తరఫున వాదించే లాయరు. 2016లో ఉపాధ్యక్షురాలయ్యారు, 2022లో మార్కోస్ కొడుకు చేతిలో అధ్యక్ష ఎన్నిక ఓడిపోయారు, 2025లో నాగాకే మేయరుగా తిరిగి వచ్చారు. భర్త కుర్చీలో భార్య కూర్చుంటే వారసత్వమే కదా అంటే నేను ఒప్పుకోను. ఆయన ఉన్నంతకాలం ఆవిడ ఎన్నికల్లో నిలబడలేదు.

నేను వచ్చేసేటప్పుడు ఆ పుస్తకం ఇమ్మని అడిగాను. నానాయ్ ఇవ్వలేదు. లైసెన్సు పేజీని మాత్రం ఫొటో తీసుకోనిచ్చింది, పెన్సిలు అంకె కూడా పడేలా దీపం కిందికి జరిపి తనే పట్టుకుంది.