సూపర్‌నోవా (పేలిపోయే నక్షత్రం) వెలుగు పెరిగి తగ్గడాన్ని రోబో టెలిస్కోపులు ఎలా పసిగడతాయి?

చేసే పని తీసివేతే. టెలిస్కోపు రాత్రంతా ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటో తీస్తుంది. అదే చోట ఇంతకుముందు తీసిన ఫొటోను కొత్తదాంట్లోంచి కంప్యూటర్ తీసేస్తుంది. మారనివన్నీ పోతాయి, కొత్త చుక్క మిగులుతుంది. అయితే కెమెరా లోపాలు, గ్రహశకలాలు కూడా అలాగే మిగులుతాయి. నన్నడిగితే వాటిని ఏరిపారేయడమే అసలు తలనొప్పి. ఆ తర్వాత, ప్రకాశం ముందే తెలిసిన పక్క నక్షత్రాలతో పోల్చి చుక్క వెలుగును కొలుస్తారు. రోజూ కొలిచి గీస్తే వచ్చేదే లైట్ కర్వ్.

2011 ఆగస్టు 24న కాలిఫోర్నియాలోని పాలొమార్ అబ్జర్వేటరీ ఆకాశ సర్వే ఎం101 గెలాక్సీలో ఎస్ఎన్ 2011ఎఫ్ఇ అనే సూపర్‌నోవాను ఇలాగే పట్టుకుంది. ముందురోజు ఫొటోలో అక్కడ ఏమీ లేదు. అంటే పేలి ఒక్క రోజు కూడా కాలేదన్నమాట! అప్పుడు 17వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం) దగ్గరున్నది సెప్టెంబరు రెండో వారానికి దాదాపు 10కి చేరింది (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ). ఆ లెక్కన వందల రెట్లు పెరిగినట్టు. చిన్న టెలిస్కోపుకు కూడా కనిపించింది.

ఈ రకం పేలుళ్లలో నికెల్-56 అనే రేడియోధార్మిక లోహం పుడుతుంది. సుమారు 6 రోజుల అర్ధాయువుతో (సగం మారిపోవడానికి పట్టే కాలం) అది కోబాల్ట్-56గా, అది 77 రోజుల అర్ధాయువుతో ఇనుముగా మారతాయి. వెలుగుకు ఇంధనం ఇదే. అందుకే శిఖరం దాటాక ముందు వేగంగా, తర్వాత నెలల తరబడి నిదానంగా మసకబారుతుంది.

మబ్బు పడితే కొలత పోతుంది. అందుకే లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా రోబో టెలిస్కోపు లాంటివి వేరే రేఖాంశాల నుంచి ఖాళీలు పూరిస్తాయి.