డెన్వర్ వస్తున్నారా? కుక్కర్ మర్చిపోకండి

సందేహం: డెన్వర్‌లో ఉద్యోగం వచ్చింది. నేనూ మా ఆవిడా వచ్చే నెల బయల్దేరుతున్నాం. కొలరాడో అంటే అన్నీ కొండలేనట, ఆ కొండల మీద కాపురం ఏమిట్రా అని అమ్మ బెంగ పెట్టుకుంది. అక్కడి సంగతులు చెప్తారా?

జవాబు: మీ కాపురం కొండ మీద కాదు, కొండ కింద అని అమ్మగారికి చెప్పండి. రాష్ట్రం తూర్పు భాగం చదును నేల. గోధుమ, మొక్కజొన్న, పశువుల మందలు. పడమట రాకీ పర్వతాలు. రెండూ కలిసేచోట ఫోర్ట్ కాలిన్స్, డెన్వర్, కొలరాడో స్ప్రింగ్స్ దండ గుచ్చినట్టు వరసగా ఉంటాయి. జనంలో ఎక్కువమంది ఆ వరసలోనే.

అయితే డెన్వర్‌లో ఆ 'కింద' కూడా 5,280 అడుగుల ఎత్తు, అంటే సరిగ్గా ఒక మైలు. మన హార్సిలీ హిల్స్ కన్నా వెయ్యి అడుగులు పైనే. ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇక్కడ నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి. వచ్చిన కొత్తలో కందిపప్పు గిన్నెలో పడేసి గంటన్నర కాపలా కాశాను, పలుకు విరగలేదు. కుక్కరూ, అదనంగా రెండు గాస్కెట్లూ పెట్టెలో సర్దుకోండి. గాలి బాగా పొడి. మొదట్లో తలనొప్పి, ముక్కులో చిన్న రక్తపు చార మామూలే. నీళ్లు ఎక్కువ తాగండి.

డెన్వర్ లేచింది 1858-59లో బంగారం కోసం ఎగబడ్డ జనంతో. ఇప్పుడు అంతరిక్షం, రక్షణ, టెలికాం, సాఫ్ట్‌వేర్, పక్క ఊరు బౌల్డర్ చుట్టూ పరిశోధనశాలలు. చలికాలం స్కీయింగ్ డబ్బు వేరే. నీటికే కటకట. వాన నీళ్లు ఇంటి పీపాల్లో పట్టుకోవడానికి చాలామందికి చట్టం ఒప్పుకున్నది 2016లో, అదీ 110 గ్యాలన్ల దాకానే! కారు బీమాలో మాత్రం పీనాసితనం వద్దు. ఎండాకాలపు వడగళ్లకు నా కారు పైకప్పు గుంతపొంగనాల పెనంలా తయారైంది.

ఇంకో మాట, పెద్దవాడిగా చెప్తున్నా. 2014 నుంచి ఇక్కడ గంజాయి దుకాణాల్లోనే అమ్ముతున్నారు. అది రాష్ట్ర చట్టం. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఇప్పటికీ నేరమే. వీసా మీద ఉన్నవాళ్లకి గ్రీన్‌కార్డు దాకా చిక్కులొస్తాయి. సరదాకైనా ఆ గడప తొక్కకండి.

చూడ్డానికంటారా, పద్నాలుగు వేల అడుగులు దాటిన శిఖరాలే యాభైకి పైన. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి తీసుకెళ్తాను. అందులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది, కానీ మంచు తీసి తెరిచేది మే ఆఖరుకి. అమ్మానాన్నలకి టికెట్లు జూన్‌కో ఆ తర్వాతకో తీయండి. దిగిన వారంలోనే 14,115 అడుగుల పైక్స్ పీక్ ఎక్కించకండి, కారు పైదాకా పోతుంది కదా అని. ముందు గ్రేట్ శాండ్ డ్యూన్స్ నయం. మంచు కొండల పక్కన దాదాపు 740 అడుగుల ఇసుక దిబ్బలు, జూన్ మొదట్లో వాటి పాదాల దగ్గర పిల్లలు ఆడుకునే ఏరు. నైరుతి మూలన మెసా వర్డేలో ఏడెనిమిది వందల ఏళ్ల కిందట కొండ అంచుల కింద కట్టుకున్న రాతి ఇళ్లున్నాయి. దూరమే, రెండ్రోజులు పెట్టుకోండి.

డెన్వర్ నుంచి పడమటి కొండల్లోకి పోయే ఐ-70 రహదారిలో సెప్టెంబరు నుంచి మే దాకా మంచుకి తగిన టైర్లు లేదా గొలుసులు కార్లో ఉండాలని నిబంధన. ఆదివారం సాయంత్రం తిరిగొస్తుంటే స్కీ జనంతో ఆ రోడ్డు ఎక్కడికక్కడ నిలిచిపోతుంది. పులిహోర డబ్బా డిక్కీలో కాదు, చేతికందేలా పెట్టుకోండి.