పులితేన్పులు ఉన్నవారు పరుగు పెట్టవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను హనుమకొండలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. వయసు 44. చదువుకునే రోజుల్లో బాగా పరుగెత్తేదాన్ని. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం వచ్చాక అది ఆగిపోయింది. ఆరేళ్లుగా ఛాతీలో మంట, పులితేన్పులు వేధిస్తున్నాయి. పొద్దున వాకిట్లో ముగ్గు వేయడానికి వంగినా పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయి. కిందటేడు ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో గ్రేడ్-ఎ (అన్నింటికన్నా తేలికపాటి) పుండు, చిన్న హయటస్ హెర్నియా ఉన్నాయన్నారు. పాంటోప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన మాత్రను మంట ఎక్కువైనప్పుడల్లా మందుల దుకాణంలో కొనుక్కుని వేసుకుంటున్నాను. ఈ మధ్య తోటి ఉపాధ్యాయినులతో కలిసి తెల్లవారుజామున స్టేడియానికి వెళ్లి మళ్లీ పరుగు మొదలుపెట్టాను. రెండో రౌండుకే ఛాతీలో మంట పుడుతుంది, ఆగి నిలబడితే కాసేపటికి తగ్గుతుంది. బయలుదేరే ముందు గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె కలుపుకుని తాగుతాను. ఆగస్టులో హైదరాబాదులో 10 కిలోమీటర్ల పరుగులో పాల్గొనాలని ఉంది. ఈ జబ్బుతో పరుగు మంచిదేనా? పరుగుకు ముందు మాత్ర వేసుకోవచ్చా?

జవాబు: మంచిదే, పరుగు మానవలసిన అవసరం మీకు కనిపించడం లేదు. అయితే మీ ఉత్తరంలో అన్నింటికన్నా ముందుగా చూడవలసిన వాక్యం ఒకటుంది. రెండో రౌండులో ఛాతీలో మంట పుడుతుందనీ, ఆగితే తగ్గుతుందనీ రాశారు. శ్రమ చేస్తే వచ్చి, శ్రమ ఆపితే తగ్గే ఛాతీ మంట గుండెకు రక్తం చాలనప్పుడు కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. వంగితే నీళ్లు గొంతులోకి రావడం, ఎండోస్కోపీలో పుండు కనబడటం ఆమ్లాన్నే సూచిస్తున్నాయి కానీ, ఆమ్లం ఉన్నంత మాత్రాన గుండె జబ్బు లేదని రుజువైనట్లు కాదు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. పైగా ఆడవాళ్లలో గుండె నొప్పి పాఠ్యపుస్తకంలో రాసినట్లు ఎడమ చేతికి పాకకుండా, మంటగానో, ఆయాసంగానో, దవడ నొప్పిగానో, ఉత్త నీరసంగానో బయటపడటం అరుదు కాదు. మన ఇళ్లలో దాన్ని 'గ్యాస్' అని సర్దిచెప్పుకుని సోడా తాగి పడుకోవడం మామూలైపోయింది. కాబట్టి పరుగును కొన్నాళ్లు నిలిపి, వైద్యుణ్ని కలిసి రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ చూపించుకుని, ఈసీజీతో పాటు ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా అవసరమేమో అడగండి. విశ్రాంతిలో తీసిన ఈసీజీ బాగున్నా, శ్రమలో మాత్రమే బయటపడే లోపం అందులో కనబడకపోవచ్చు. ఈలోగా మంట చెమటతోనో, ఆయాసంతోనో, కళ్లు తిరగడంతోనో కలిసి వస్తే, లేదా విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా వచ్చి తగ్గకపోతే, ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

గుండెకు ఇబ్బంది లేదని తేలిందనుకుని మిగతాది చెబుతాను.

అన్నవాహిక జీర్ణాశయంతో కలిసేచోట కండరపు వలయం ఒకటి ఉంటుంది. దాని చుట్టూ, ఛాతీనీ కడుపునూ వేరుచేసే ఉదరవితానపు (డయాఫ్రం) కండరం కూడా పట్టుకుని ఉండటం వల్ల, ఆ రెండూ కలిసి లోపలి ఆమ్లం పైకి రాకుండా ఆపుతాయి. హయటస్ హెర్నియాలో జీర్ణాశయపు పైభాగం కొంత ఛాతీలోకి జారడంతో వలయం ఒకచోట, ఉదరవితానం ఒకచోట అయిపోయి పట్టు సడలుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ కడుపులో ఒత్తిడి పెరుగుతుంది, ఒళ్లు కుదుపుకు లోనవుతుంది. వేగం పెరిగేకొద్దీ రక్తం కాళ్ల కండరాలవైపు మళ్లి జీర్ణాశయం ఖాళీ కావడం మందగిస్తుంది. నోటితో ఊపిరి పీల్చడం వల్ల గాలి లోపలికి పోయి, ఆ గాలి తేన్పుగా వచ్చేటప్పుడు ఆమ్లాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. అందుకే అంతే శ్రమతో సైకిలు తొక్కినప్పటి కంటే పరుగెత్తినప్పుడు ఈ బాధ ఎక్కువ. ఇది చూసి పరుగు ఈ జబ్బుకు శత్రువని అనుకోవద్దు. నడుము చుట్టూ కొవ్వు పెరిగినవారిలో బరువు తగ్గడం కంటే మేలు చేసే మందు ఈ జబ్బుకు చాలా తక్కువ. మీ బరువెంతో రాయలేదు గనుక అంతకు మించి చెప్పలేను.

అసలు సంగతి నా దృష్టిలో రాత్రి భోజనం. మీ భోజన వేళ గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, అయినా ఊహించగలను. ఇంట్లో అందరికీ వడ్డించి, అన్నం గిన్నెలో మిగిలింది పారేయలేక పెట్టుకుని, చారుతోనో పెరుగుతోనో ముగించేసరికి పదవుతుంది. గిన్నెలు సర్ది నడుము వాలిస్తే పదిన్నర. మళ్లీ నాలుగున్నరకు లేవాలి. భోజనం చేసిన అరగంటకే పడుకుంటే రాత్రంతా ఆమ్లం అన్నవాహికను తడుపుతూ ఉంటుంది. తెల్లవారేసరికి కడుపు ఖాళీ కావచ్చు కానీ, అన్నవాహిక లోపలి పొర మాత్రం ఒరుసుకుపోయి, కొద్దిపాటి ఆమ్లానికే భగ్గుమనే స్థితిలో ఉంటుంది. ఆ స్థితిలో మీరు స్టేడియంలో అడుగుపెడుతున్నారు. పరుగులో మంటకు కారణం పరుగులో కంటే ముందు రాత్రిలో వెతకడం మేలు. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి, అంటే మీరు ఏడున్నరకల్లా తినాలి. అందరితో పాటు కూర్చుని తినండి, లేదా అందరికన్నా ముందు తినండి. ఇంట్లో ఒకరిద్దరు ముఖం చిట్లించినా పర్వాలేదు. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలో చెక్కలో పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తు చేయండి. దిండ్లు పేర్చుకోవడం వల్ల మెడ, నడుము వంగి కడుపు మీద ఒత్తిడి పెరగడమే తప్ప లాభం లేదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే మంచిది.

ఏవి తినకూడదో అందరికీ ఒకే పట్టిక ఇవ్వడం నాకు నచ్చదు. గోంగూర పచ్చడి ఒకరికి పడదు, ఇంకొకరికి ఏమీ కాదు. నూనె, నెయ్యి ఎక్కువైన తిండి మాత్రం దాదాపు ఎవరికైనా కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది గనుక, మర్నాడు పరుగు ఉన్న రాత్రి వేపుళ్లు, బజ్జీలు, బిర్యానీ పెట్టుకోకండి. కాఫీ, చాక్లెట్, పుదీనా కొందరిలో కండరపు వలయాన్ని సడలిస్తాయి. మీకు తేడా కనిపిస్తే తగ్గించండి, కనిపించకపోతే ఊరికే వదులుకోనక్కర లేదు.

నిమ్మరసం, తేనె కలిపిన నీళ్లు మాత్రం రేపటినుంచే ఆపండి. అవి కొవ్వును కరిగిస్తాయనే నమ్మకానికి ఆధారం లేదు. ఒరుసుకుపోయిన అన్నవాహిక మీద పరగడుపున ఆమ్లం పోసుకోవడం మాత్రం జరుగుతోంది. బయలుదేరే ముందు అర గ్లాసు మామూలు నీళ్లు చాలు. గంటలోపు పరుగుకు మధుమేహం వంటి కారణాలు లేనివారు ముందుగా ఏమీ తిననవసరం లేదు. ఆకలితో కళ్లు తిరుగుతాయనిపిస్తే ముప్పావు గంట ముందు అరటిపండులో సగం తినండి.

ఇక మాత్ర. పాంటోప్రజోల్ అప్పటికప్పుడు మంట చల్లార్చేది కాదు. భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటే, తిండి తగిలి పనిచేయడం మొదలుపెట్టిన ఆమ్లపు పంపులను అది ఆపుతుంది. స్టేడియానికి బయలుదేరుతూ ఒకటి మింగి, అది అప్పుడే కాపాడుతుందని అనుకోవడం వృథా. ఇంకో మాట, మాత్ర పైకొచ్చే నీటిలోని ఘాటును తగ్గిస్తుంది కానీ నీరు పైకి రావడాన్ని ఆపదు. కాబట్టి మాత్ర వేసుకున్నా గొంతులోకి చప్పటి నీళ్లు వస్తున్నాయంటే, మాత్ర పనిచేయడం లేదని రెట్టింపు మోతాదు వేసుకోవద్దు. అది భోజన వేళ, బరువు, హెర్నియాలతో తేల్చుకోవలసిన సంగతి. గుర్తొచ్చినప్పుడు వేసుకుని, తోచినప్పుడు మానేయడం కూడా సరికాదు. కొన్ని నెలలు రోజూ వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం కొన్నాళ్లు మునుపటికన్నా ఎక్కువగా ఊరి, జబ్బు ముదిరిందన్న భ్రమ కలిగిస్తుంది. పుండు మానేదాకా ఎన్ని వారాలు రోజూ వాడాలో, ఆ తర్వాత ఎలా తగ్గించాలో, పొద్దున వేసుకోవాలా రాత్రి భోజనానికి ముందా అన్నది మీ వైద్యుడు నిర్ణయించాలి. ఏళ్ల తరబడి వాడేవారిలో బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది గనుక అప్పుడప్పుడు రక్తపరీక్ష అవసరం.

డోంపెరిడోన్ విషయంలో కొంచెం గట్టిగానే చెప్పాలి. అది కొందరిలో గుండె లయను దెబ్బతీయగలదు. ఆ కారణంగానే ఐరోపాలో 2014లో దాన్ని వికారం, వాంతులకు మాత్రమే, అదీ సాధారణంగా వారం రోజులకు మించకుండా వాడాలని పరిమితం చేశారు. మన దగ్గర అది పాంటోప్రజోల్‌తో కలిసి ఒకే మాత్రలో, అడిగిందే తడవుగా దొరుకుతోంది. గుండె పరీక్షకు వెళ్లినప్పుడు ఈ మాత్ర పేరు తప్పక చెప్పండి, దాని అవసరం ఉందో లేదో అడగండి. మోకాళ్ల నొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకుంటున్నట్లయితే అవి కూడా కడుపును, అన్నవాహికను పుండు చేస్తాయని గుర్తుంచుకోండి.

పరుగుకు తిరిగి వచ్చే పద్ధతి నిదానంగా ఉండాలి. మొదటి రెండు వారాలు అరగంట చురుకైన నడక. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున వారానికి మూడు రోజులు చేస్తూ, వారం వారం పరుగు నిమిషాలు పెంచండి. వేగం ఎంత ఉండాలంటే, పక్కనున్న టీచరుతో ఆగకుండా ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. మాట తెగుతోందంటే మీ కడుపుకు ఆ వేగం ఎక్కువ. దూరం, వేగం రెండూ ఒకే వారం పెంచవద్దు. నాడాను, నడుముపట్టీని బిగించి కట్టుకుని పరుగెత్తితే కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి వదులైన ఎలాస్టిక్ ఉన్నదే వేసుకోండి. లేసులు నిలబడి నడుము వంచి కట్టుకోకుండా, గట్టు మీద కూర్చుని కాలు మెట్టుపై పెట్టి కట్టుకోండి; ముగ్గుకు వంగితేనే నీళ్లు వచ్చే మీకు ఇది చిన్న విషయం కాదు. పరుగయ్యాక శీర్షాసనం, సర్వాంగాసనం, కపాలభాతి, ముందుకు వంగే సాగదీతలు వద్దు. పొట్ట నిండేలా నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలే అభ్యాసం రోజూ పది నిమిషాలు చేస్తే, ఉదరవితానానికి పట్టు పెరిగి కొందరికి తేన్పులు తగ్గుతాయి.

ఆగస్టు అన్నారు. మంట లేకుండా అరగంట పరుగు వచ్చే దాకా పేరు నమోదు చేయకండి. హైదరాబాదు వెళ్లాక ముందురోజు రాత్రి హోటలు భోజనం ఆలస్యంగా చేసి, ఉదయాన్నే కొత్త గ్లూకోజ్ జెల్‌లు ప్రయత్నించడం లాంటివి వద్దు. దారిలో నీళ్లు గటగటా తాగకుండా గుక్కెడు గుక్కెడు తాగండి. మింగుడు పడకపోవడం, మింగేటప్పుడు నొప్పి, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత వీటిలో ఏది కనిపించినా పరుగు సంగతి పక్కనపెట్టి మళ్లీ ఎండోస్కోపీ నిపుణుణ్ని కలవండి.

ప్రశ్న: నా వయసు 22, మాది ఖమ్మం. కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాను. 1600 మీటర్ల పరుగులో చివరి రౌండులో పుల్లటి వాంతి వస్తోంది. పొద్దున ఆరింటికి నాలుగు గుడ్లు, రెండు అరటిపళ్లు, పాలు తీసుకుని ఏడింటికి పరుగెత్తుతాను. గ్యాస్‌కు సోడా పొడి నీళ్లలో కలిపి తాగుతున్నాను. ఏం చేయాలి?

జవాబు: గంట ముందు అంత తిండి తిని శక్తికి మించి పరుగెత్తితే ఆరోగ్యవంతుడికైనా వాంతి వస్తుంది. గుడ్లు, పాలు పరుగయ్యాక తీసుకోండి. ముందు సగం అరటిపండో, రెండు ఖర్జూరాలో చాలు. సోడా పొడి కడుపులో ఆమ్లంతో కలిసి వాయువును పుట్టిస్తుంది, ఆ వాయువు తేన్పుగా వస్తూ ఆమ్లాన్ని పైకి తెస్తుంది, కాబట్టి పరుగుకు ముందు అది అసలు వద్దు. మైదానంలో 400 మీటర్ల నాలుగు రౌండ్లలో మొదటిది కుర్రాళ్లందరూ విపరీతమైన వేగంతో మొదలుపెట్టి చివరిదానికి చతికిలపడుతుంటారు. మొదటి రెండు రౌండ్లు సమానమైన సమయంలో ముగించేలా గడియారం పెట్టుకుని అభ్యాసం చేయండి. పూర్తి వేగపు అభ్యాసం వారానికి రెండు రోజులకు మించనివ్వకండి, ముందు పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించుకోండి. ఇవన్నీ చేసినా మూడు వారాల్లో తగ్గకపోయినా, పరుగు తర్వాత దగ్గు, పిల్లికూతలు వస్తున్నా, ఛాతీ నొప్పి ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయినా వైద్యుణ్ని కలవాలి. దగ్గు, పిల్లికూతలు శ్రమతో వచ్చే ఉబ్బసం కావచ్చు, దానికి మందు వేరు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా మరణించి ఉంటే ఆ సంగతి కూడా వైద్యుడికి మొదటే చెప్పండి.