మగ్గం కాడి ముచ్చట: రంగు ఇడిసిన దర్రీలు, రాని పైసలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల ఇంట్లనే చేతిపని పెట్టుకొని అమ్ముకునేటోళ్లవే ఎక్కువున్నయ్. నేను వరంగల్ కొత్తవాడల మూడు మగ్గాల మీద పన్నెండేండ్ల సంది దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేయిస్తున్న, నాకు ఎదురైంది ఎదురైనట్టు రాస్తున్న.

ప్రశ్న: అక్కా, మాది హసన్‌పర్తి. గృహప్రవేశానికని ఒకాయన నా దగ్గర ఆరు దర్రీలు తీస్కున్నడు, మెరూన్ మీద తెల్ల చారలు. ఆ రోజు వాన, చుట్టాలు తడికాళ్లతోని తొక్కంగనే తెల్ల చారలన్నీ గులాబీ రంగు అయినయట, కొత్త టైల్స్‌కు గూడ మరక పట్టిందట. పైసలు వాపస్ ఇయ్యమంటున్నడు. రంగేసినాయన నాదేం తప్పు లేదంటున్నడు. నేనేం చెయ్యాలె?

జవాబు: చెల్లె, ముందుగాల పైసలు ఇచ్చెయ్, ఆ దర్రీలు ఇంటికి తెచ్చుకో. ఆయన కొన్నది నీ దగ్గర, రంగేసినాయన దగ్గర గాదు. నాకు రెండో ఏడు అచ్చం ఇట్లనే అయింది, నేను మూడు దినాలు ఫోన్ల వాదిచ్చిన, నీళ్లు మీరే పోసిన్రు గదా అని గూడ అన్న, ఆఖరికి పైసలు ఇచ్చిన గని ఆ ఇంటి మనిషి మల్ల నా గడప తొక్కలే. ఆ మాట ఎందుకన్ననా అని ఇప్పటికీ బాధైతది.

ఇగ అసలు సంగతి. ఎరుపు, మెరూన్ అసొంటి ముదురు రంగులేసినప్పుడు నూలు లోపలికి గుంజుకోని రంగు పైపైన అంటుకొని ఉంటది. రంగేసినంక మరిగే సబ్బు నీళ్లల్ల ఉడకబెట్టి, నీళ్లు తేటగ వచ్చేదాక జాడియ్యాలె. కట్టెలు మిగుల్తయ్, నీళ్లు మిగుల్తయ్, పొద్దు మిగుల్తదని చానామంది ఆ పనే సగంల ఇడిసిపెడ్తరు. రంగుల్ల గూడ తేడా ఉన్నది, ఉప్పేసి ఉడికిచ్చే డైరెక్ట్ రంగు అగ్గువనే గని ఉతుకుకు ఆగది, వ్యాట్ రంగు అయితే కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే పొడి ఏసి కరగబెడ్తరు, బయటికి తీసినంక గాలి తాకితేనే దాని అసలు రంగు తేల్తది, ఖర్చెక్కువ గని గట్టిగుంటది. నీకు ఏ రంగు ఏసిండో అడిగినవా? అడగకపోతే ఇప్పుడన్న అడుగు.

మా మామ వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుల పనిచేసిండు. రంగు నూలు ఇంటికి రాంగనే గడపల వెల్తురుకు కూసొని, వేలు తడిచేసి ఒక పోగును రెండు వేళ్ల నడుమ పెట్టి మెల్లగ గుంజేటోడు. వేలు ఎర్రగైతే ఆ చిలప, అంటే నూలు కట్ట, పక్కకు పడేసేటోడు, ఒక్క మాట మాట్లాడకపోయేది. నేను ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువ చేస్తున్న. తెల్ల బనీన్ గుడ్డ తడిపి పిండి నూలు మీద గట్టిగ పదిసార్లు రుద్దుత, ఇంకో నాలుగు పోగులు తెల్ల నూలుతోని జడ లెక్క అల్లి వేడి సబ్బు నీళ్లల్ల అరగంట ఏస్త. ఆరినంక తెల్ల నూలు తెల్లగనే ఉంటే మగ్గమెక్కిస్త, లేకుంటే వాపస్ పంపుత. ఆరు దర్రీల ఆర్డర్ అయితే ఆరింటి నూలు ఒక్క దెబ్బకే రంగు ఏపియ్యి, రెండుసార్లు ఏపిస్తే ఎంత మంచి చెయ్యి అయినా షేడ్ మార్తది.

ఇంకోటి, కొలత. మగ్గం మీద నూలు బిగిచ్చి ఉంటది, దింపినంక దర్రీ కొంచెం గుంజుకుంటది. ఆరడుగులు కావాల్నంటే మగ్గం మీద ఆరుకే ఆపితే తక్కువ పడ్తది. ముందుగాల ఒకటి దింపి ఒక రాత్రి ఉంచి కొల్సి చూస్కో.

ప్రశ్న: నేను చేర్యాల మాస్కులు చేస్త. శ్రావణంల బెంగళూరుకు ఇరవై పంపితే కొన్ని బూజు పట్టినయ్, రెండు పగిలినయ్. పార్సిల్ తప్పా, నా తప్పా?

జవాబు: తమ్మీ, ఆ పని నా చెయ్యి గాదు, అందుకే చేర్యాలల చానేండ్ల సంది చేస్తున్న ఒక పెద్దమ్మను అడిగి రాస్తున్న. కట్టెపొట్టుల చింతగింజల గంజి కలిపి మాస్కు చేస్తరు గదా, ఆ గంజి తిండి అసొంటిదే, తడి ఉన్నదంటే బూజు వస్తది. పైన ఆరినట్టే కనబడ్తది, ముక్కు కాడ, గడ్డం కాడ మందముంటది గాబట్టి లోపల పచ్చిగనే ఉంటది. తొందరపడి ఎండల పెట్టినవంటే పైపొర ముందుగాల గుంజుకొని పగుల్తది. నీడకు గాలాడేకాడ పెట్టు. ఆరిందా లేదా అన్నది వేలితోని గాదు, కాంటతోని చూడు, రోజూ ఒకే టైమ్‌కు తూకమెయ్యి, బరువు తగ్గుడు ఆగిపోయినంకనే రంగుకు కూసో. ప్యాకింగ్ల ప్లాస్టిక్ కవర్ బిగ్గగ చుట్టకు, కాయితం చుట్టి డబ్బల పెట్టి, ఆ డబ్బను ఇంకో పెద్ద డబ్బల పెట్టు.

ప్రశ్న: మాది జనగామ దిక్కు, ఇత్తడి పని. పట్నంల ఒక షాపాయన 86 వేల మాల్ తీస్కొని ఐదు నెలలైంది, ఫోన్ ఎత్తుతలేడు. చిన్న యూనిట్లకు సర్కారు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్నది, బిల్లు ఉన్నది. గొడవ పెట్టుకుంటే ఇంకో ఆర్డర్ రాదేమో అని భయం.

జవాబు: ఐదు నెలలు పైసలియ్యనాయన ఇంకో ఆర్డర్ ఇస్తే సంబురపడేదేమున్నది తమ్మీ? నువ్వు బిచ్చం అడుగుతలేవు. 2006ల చిన్న పరిశ్రమల కోసం వచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న యూనిట్ల దగ్గర మాల్ తీస్కున్నోళ్లు, కాయితం మీద గడువు రాసుకుంటే ఆ గడువు లోపట, అది గూడ 45 దినాలు దాటొద్దు, ఏం రాసుకోకుంటే 15 దినాలల్ల పైసలు కట్టాలె. దాటితే రిజర్వ్ బ్యాంక్ చెప్పే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెల నెలా చక్రవడ్డీ. ముందుగాల బిల్లు, మాల్ ముట్టినట్టు సంతకం ఫొటో పెట్టి, ఈ మాటలే మర్యాదగ రాసి వాట్సాప్, మెయిల్ రెండూ పంపు. 2024 ఏప్రిల్ 1 సంది ఇంకోటున్నది, గడువు దాటినంక పైసలు కట్టేదాక ఆ ఖర్చును ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల తీసేసుకునేందుకు లేదు, ఆ ముక్క గూడ రాయి, ఆడిటర్‌కు చూపెడ్తడు. అప్పటికీ పలకకుంటే, చిన్న యూనిట్లకు రావాల్సిన బాకీల కోసం సర్కారు పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌ల ఫిర్యాదు ఎయ్యి. ఇగ ముంగట సగం అడ్వాన్స్ లేకుండ రేకు మీద సుత్తె పెట్టకు.

ప్రశ్న: నర్సంపేట సంది రాస్తున్న. జూట్ బ్యాగులు కుట్టిస్త. డెలివరీ డేట్ చెప్పుడు, లేటవుడు, తిట్లు తినుడు. ఎట్ల?

జవాబు: బిడ్డా, 2024 ఫిబ్రవరిల నేను ఒక హోటల్ ఆర్డర్‌కు 23వ తారీఖు ఇస్తనని నోరు జారిన. 21 సంది 24 దాక మేడారం జాతర. నేసేటోళ్లు, నా దగ్గర అంచులు కట్టే ఇద్దరు ఆడోళ్లు, ఆటో పిలగాడు, అందరు సమ్మక్క కాడికి పోయిన్రు, పోవద్దని నేనెట్లంట, నేను గూడ బెల్లం పట్కొని పోయేదాన్నే. బస్సులన్నీ అటే, పార్సిల్ పోలే. హోటలాయనకు ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పిన, ఎనిమిది దినాలకు ముట్టినయ్. గప్పటి సంది ఆర్డర్ ఒప్పుకునే ముందు మగ్గం పక్కనున్న క్యాలెండర్ చూస్త. బతుకమ్మ తొమ్మిది దినాలు, జాతర వారం, లగ్గాల ముహూర్తాలు దాంట్ల ఎర్ర పెన్నుతోని కొట్టేసి ఉంటయ్, ఆ దినాలను పని దినాలల్ల లెక్కపెట్టను. మిగిలినయి లెక్కేసి, ఇంకో వారం కలిపి చెప్త.